పారిస్ ఉదరం: ఆకలిగొన్నవాడి చూపు

విదేశయాత్రల గురించి మనవాళ్ళు రాస్తున్న పుస్తకాల్లో అంగడి వర్ణన లేని పుస్తకం ఈమధ్య నాకు కనపడలేదు. పాత కోటలు, మ్యూజియం, నదిమీద పడవ ప్రయాణం, ఆ తర్వాత తప్పనిసరిగా కూరగాయల మార్కెట్టు. రంగురంగుల పండ్లు, గుట్టలుగా చేపలు, పేరు తెలియని చీజులు, రచయిత ధైర్యం చేసి ఒక ముక్క నోట్లో వేసుకోవడం, ముఖం చిట్లించడమో మైమరచిపోవడమో. అంతటితో పేరా అయిపోతుంది. ఆ కూర ఎవరు పండించారు, ఎవరు మోశారు, ధర విని ఎవరు వెనక్కి తిరిగారు అన్న ప్రశ్న రాదు. అటువంటి పుస్తకాన్నొకదాన్ని కొన్నేళ్ళ కిందట సమీక్షిస్తూ, ఇది యాత్రికుడు రాసింది కాదు, గిరాకీ రాసింది అని కొంచెం కటువుగానే అన్నాను. రచయిత నొచ్చుకున్నారని తర్వాత తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకోను. కాని ఆ మాట అనే అర్హత నాకెంత ఉందో పోయిన డిసెంబరులో పారిస్‌లో తేలింది.

మా అమ్మాయి ఉద్యోగరీత్యా పారిస్ శివార్లలో ఉంటోంది. మూడు వారాలు ఉండి రావడానికి వెళుతూ ఎమిలీ జోలా నవల 'పారిస్ ఉదరం' ఇంగ్లీషు అనువాదాన్ని సంచిలో పెట్టుకున్నాను. 1873లో వచ్చిన నవల అది. రూగోన్-మకార్ కుటుంబ చరిత్రగా జోలా రాసిన ఇరవై నవలల్లో మూడవది. కథాస్థలం పారిస్ నడిబొడ్డున ఉండిన 'లే ఆల్' అనే కేంద్ర మార్కెట్టు. ఐఫిల్ టవర్‌ను మా అల్లుడి బలవంతం మీద చూశాను. బాగానే ఉంది. నేను వెళ్ళింది మాత్రం లే ఆల్ కోసం.

అది ఇప్పుడు లేదని తెలియక కాదు. తెలిసి వెళ్ళినా, లేకపోవడమంటే ఏమిటో అక్కడ నిలబడితే గాని అర్థం కాలేదు. భూగర్భ రైలు దిగి, ఒకదానిమీదొకటి పేర్చినట్టున్న ఎస్కలేటర్లు ఎక్కి, బట్టల దుకాణాలు, బూట్ల దుకాణాలు, సెల్‌ఫోన్ దుకాణాలు దాటి పైకి వచ్చేసరికి నెత్తిమీద పసుపుపచ్చని పెద్ద కప్పు. 2016లో కట్టినది.

"ఇదేనా మార్కెట్టు?" అన్నాను.

"ఇదే నాన్నా. షాపింగ్ మాల్" అంది మా అమ్మాయి.

పన్నెండో శతాబ్దం నుంచీ అక్కడ సంత సాగింది. 1850లలో, మూడవ నెపోలియన్ పాలనలో, ఓస్‌మాన్ పారిస్‌ను పడగొట్టి మళ్ళీ కడుతున్న రోజుల్లో బల్తార్ అనే వాస్తుశిల్పి మొదట రాతి మంటపం కట్టాడు. అది మార్కెట్టులా లేదు, కోటలా ఉందని జనం నవ్వారు. దాన్ని కూలగొట్టించారు. గొడుగుల్లాంటి కప్పులు చాలునని చక్రవర్తి కోరిక. అప్పుడు ఇనుముతో, గాజుతో లేచిన మంటపాలు ఆ యుగానికే గుర్తులయ్యాయి. పది మంటపాలు 1870ల నాటికి లేచాయి, చివరి రెండూ 1936లో పూర్తయ్యాయి. 1969 ఫిబ్రవరి చివర, మార్చి మొదట, కొద్ది రోజుల్లో మార్కెట్టునంతా నగరానికి దక్షిణంగా, ఓర్లీ విమానాశ్రయం చెంత ఉన్న రంజీస్‌కు తరలించారు. 1971 నుంచి మంటపాలు కూల్చారు. కోళ్ళూ గుడ్లూ అమ్మిన ఒక్క మంటపాన్ని ఊడదీసి నొజాన్ అనే శివారు ఊళ్ళో నిలబెట్టారు. మిగిలింది ఏళ్ళ తరబడి పెద్ద గొయ్యి. ఆ గోతిలో 1979లో దుకాణాల సముదాయం వెలిసింది.

మార్కెట్టును ఊరి బయటికి నెట్టడం మనకూ కొత్త కాదు. హైదరాబాదు పండ్ల మార్కెట్టు మొజంజాహీ నుంచి గడ్డిఅన్నారానికి, అక్కడినుంచి 2021లో బాటసింగారానికి నడిచింది. చెప్పే కారణాలు ఎప్పుడూ సబబుగానే ఉంటాయి: ఇరుకు, లారీలు, చెత్త. పారిస్‌లోనూ ఇరుకు అబద్ధం కాదు. మార్కెట్టు కదిలితే దాన్ని నమ్ముకున్న హమాలీ, టీ బండివాడు, సాయంత్రం మెత్తబడిన పండును అగ్గువకు కొనుక్కుపోయే మనిషి ఎక్కడికి కదులుతారన్నది వేరే ప్రశ్న.

ఇక నవల. 1851 డిసెంబరులో లూయీ నెపోలియన్ కుట్రచేసి అధికారాన్ని చేజిక్కించుకున్నప్పుడు, వీధిలో సైన్యం కాల్పుల్లో చచ్చిపోయిన ఒక స్త్రీ నెత్తురు చేతులకంటిన పాపానికి ఫ్లోరాన్ అనే అమాయకుడు పట్టుబడతాడు. కయెన్ ద్వీపాంతరవాసానికి పంపుతారు. తప్పించుకుని 1858లో పారిస్ చేరతాడు. చేరడమంటే నడిచి కాదు. ఆకలితో దారిలో పడిపోతే, నాంతేర్‌లో కూరగాయలు పండించే మదాం ఫ్రాన్స్వా అనే ఆమె ఎత్తి తన బండిలో వేసుకుంటుంది. క్యారెట్ల మీద, ముల్లంగుల మీద పడుకుని ఆకలిగొన్నవాడు మార్కెట్టులో ప్రవేశిస్తాడు. తెల్లవారేసరికి చుట్టూ క్యాబేజీల కొండలు. తమ్ముడు అక్కడే పందిమాంసం దుకాణం పెట్టి స్థితిమంతుడయ్యాడు. వదిన, అంటే మన లెక్కలో మరదలు, లీసా. తెల్లగా, నిండుగా, శుభ్రంగా, తెలివిగా ఉండే మనిషి. వీళ్ళు ఫ్లోరాన్‌ను ఆదరిస్తారు, చేపల మార్కెట్టులో ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం ఇప్పిస్తారు. అతను తిరుగుబాటు కలలు కంటాడు. చివరికి లీసా స్వయంగా పోలీసులకు చెప్పడానికి వెళ్ళి, తనకంటే ముందే వీధి వీధంతా ఆకాశరామన్న ఉత్తరాలు రాసిందని తెలుసుకుంటుంది. ఫ్లోరాన్ మళ్ళీ ద్వీపాంతరం పోతాడు. దుకాణం అద్దాల్లో మాంసం మళ్ళీ మెరుస్తుంది.

మనవాళ్ళకు 'జెర్మినల్' తెలిసినంతగా ఈ నవల తెలియదు. 'జెర్మినల్' నాయకుడు ఎతియెన్‌కు లీసా స్వయానా పెద్దతల్లి వరస అన్న సంగతి గుర్తుంచుకుంటే, ఒకే కుటుంబంలో గని కార్మికుణ్ణీ, దుకాణదారు ఇల్లాలినీ పక్కపక్కన పెట్టిన జోలా ఆలోచన బోధపడుతుంది.

జోలాను ఎట్లా అంచనా వేయాలన్న విషయంలో మన విమర్శకు రెండు పాత తీర్పులు ఆధారం. 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్, జోలాలందరినీ కలిపినా బాల్జాక్ ముందు తక్కువేనన్నాడు. 1936లో లూకాచ్, 'కథనమా, వర్ణనా' అన్న వ్యాసంలో జోలా 'నానా'లోని గుర్రప్పందాన్నీ, టాల్‌స్టాయ్ 'అన్నా కరెనినా'లోని గుర్రప్పందాన్నీ పక్కపక్కన పెట్టి చూపాడు. టాల్‌స్టాయ్‌ది పాత్రల తలరాతను మార్చే సంఘటన. జోలాది ప్రేక్షకుడి కంటికి కనిపించే దృశ్యం, తీసేసినా కథ నడుస్తుంది. నేను కాలేజీలో పాఠం చెప్పిన ముప్పైయేళ్ళూ ఈ తీర్పునే వల్లించాను. 'పారిస్ ఉదరం' గురించి అడిగిన విద్యార్థికి, తిండి పదార్థాల జాబితా అని ఒక్క మాటలో తేల్చి చెప్పిన గుర్తు కూడా ఉంది.

ఈసారి నవల చదివిన తీరు వేరు. పగలు అంగళ్ళు తిరిగి, రాత్రి నాలుగు పేజీలు చదివేవాణ్ణి. ఆదివారం అలీగ్ర్ అనే వీధి మార్కెట్టుకు వెళ్ళాం. కాలు పెట్టనివ్వని జనం. కేకలేసి అమ్మే అరబ్బు వ్యాపారులు, పుదీనా కట్టలు, కొత్తిమీర, నారింజలు, మంచుముక్కల మీద చేపలు, కప్పున్న భాగంలో చీజుల దుకాణాలు. నా ఫోను ఊరుకోలేదు. ఆ సాయంత్రం ఫోటోలు చూస్తూ మా అమ్మాయి, "ఇన్ని తీశావు గదా నాన్నా, ఒక్క మనిషి మొహం లేదేం?" అంది. చూసుకున్నాను. నిజమే. మనుషులున్నచోట చేతులు మాత్రమే ఉన్నాయి, తూకం వేస్తూ. నేను ఎవరినైతే గిరాకీ అని తిట్టానో ఆయనకూ నాకూ తేడా లేకపోయింది.

జోలాకు ఈ ప్రమాదం తెలుసు. తెలుసు గనకనే నవలలో క్లోద్ లాంతియే అనే చిత్రకారుణ్ణి పెట్టాడు. అతనికి మార్కెట్టంటే రంగులు. తెల్లవారుజామున క్యాబేజీల మీద వెలుగు పడుతుంటే గంతులేస్తాడు. జేబులో పైసా లేదు, కడుపు ఖాళీ, అయినా అతని కంటికి కనపడేది బొమ్మే. పక్కనే ఫ్లోరాన్ నడుస్తుంటాడు. అతనికి అవే క్యాబేజీలు మీద పడి నలిపేసే బరువు. ఒకే వస్తువును రెండు కళ్ళు చూస్తున్నాయి. లూకాచ్ చెప్పిన ప్రేక్షకుడు ఈ నవలలో రచయిత కాదు, ఒక పాత్ర. ఆ పాత్ర చూపు చాలదని కథే చెబుతుంది. మన యాత్రారచయితలకు పూర్వీకుడు ఎవరని అడిగితే నేను క్లోద్ పేరే చెబుతాను.

ఈ మాటకు రుజువుగా రెండో అధ్యాయంలోని వంటింటి ఘట్టాన్ని చూడమంటాను. రాత్రి దుకాణం వెనక పంది నెత్తురుతో సాసేజ్ తయారుచేస్తుంటారు. (మనవైపు మేక నెత్తురుతో నల్ల వండుకునేవాళ్ళకు ఇందులో వింత ఉండదు.) పొయ్యిమీద కొవ్వు కరుగుతుంది, ఉల్లిపాయలు వేగుతాయి, గోడలకు జిడ్డు పడుతుంది. చిన్నపిల్ల పోలీన్ కథ చెప్పమంటే, ఫ్లోరాన్ తన ద్వీపాంతరవాసాన్నే ఎవరిదో కథలాగా చెబుతాడు: పురుగుల అన్నం, జ్వరాలు, పారిపోవడం, పస్తులు, పీతలు తినేసిన మనిషి. కథలో ఒక్కో మాటకు వంటలో ఒక్కో పని. ఇక్కడ తిండి తయారవుతుంటే అక్కడ తిండిలేనితనం చెప్పబడుతుంది. పిల్లకు అది రాక్షసుల కథ. లీసాకు మాత్రం ఒకచోట అభ్యంతరం వస్తుంది. మూడు రోజులు తిండి లేకుండా మనిషి ఉంటాడా? ఉంటే వాడు మర్యాదస్థుడై ఉండడు. ఆమె క్రూరురాలు కాదు. బావగారికి అన్నం పెడుతూనే ఉంది. కడుపునిండిన వర్గానికి ఆకలి అర్థం కాకపోవడమే కాదు, ఆకలి వాళ్ళకు నేరంలా కనిపిస్తుందని జోలా ఇక్కడ పట్టుకున్నాడు. ఈ ఘట్టంలో వంట వర్ణన తీసేస్తే లీసా మాటకు అర్థమే లేదు. వర్ణనే సంఘర్షణ.

చీజుల దుకాణంలో ముగ్గురు ఆడవాళ్ళు గుసగుసలాడే ఘట్టమూ ఇంతే. ఫ్లోరాన్ గత జీవితపు రహస్యాన్ని ముసలి సాజే అక్కడ విప్పుతుంది. చీజుల కంపు పెరిగేకొద్దీ మాటల కంపు పెరుగుతుంది. దీన్ని శిల్ప విన్యాసమని మెచ్చుకునేవాళ్ళున్నారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది దానికి ముందు వచ్చే చిన్న సంగతి. మంత్రుల ఇళ్ళలో, రాయబార కార్యాలయాల్లో, పెద్ద హోటళ్ళలో మిగిలిన ఎంగిలి తిండిని మార్కెట్టులో పళ్ళేలుగా సర్ది కొద్ది డబ్బులకు అమ్ముతారు. సాజే రహస్యంగా వెళ్ళి కొంటుంది, ఎవరైనా చూస్తే రాజభవనం నుంచి వచ్చిన తిండి అని గొప్ప చెప్పుకుంటుంది. ఎంగిలి తినడం అవమానం, చక్రవర్తి ఎంగిలైతే గౌరవం! సామ్రాజ్యానికి చిల్లర మనుషుల మద్దతు ఎట్లా దొరుకుతుందో చెప్పడానికి ఈ పళ్ళెం చాలు.

ఎంగిలి సంగతి పాతబడలేదు. ఫ్రాన్సు 2016లో చట్టం చేసింది: నాలుగు వందల చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు తినదగిన సరుకును చెడగొట్టి పారేయకూడదు, సేవాసంస్థలతో ఒప్పందం చేసుకుని ఇవ్వాలి. మంచి చట్టమే. అటువంటి చట్టం అవసరమైందంటే అంతకుముందు ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. అలీగ్ర్ మార్కెట్టు మధ్యాహ్నం కట్టేసే వేళకు మళ్ళీ వెళ్ళాను, ఈసారి ఫోను జేబులోనే ఉంచి. వీధి ఊడ్చేవాళ్ళు రాకముందు, ఖాళీ డబ్బాల మధ్య ఏరుకునేవాళ్ళు వచ్చారు. చిరిగిన బట్టలవాళ్ళు కారు. మంచి కోటు వేసుకున్న ఒక ముసలామె ఉల్లికాడల కట్టల్లో వాడిన రేకులు తీసేసి, మిగిలినవి సంచిలో వేసుకుంటోంది. తొందర లేదు, బెరుకు లేదు. మన పల్లెల్లో కోత అయ్యాక పొలంలో పరిగె ఏరుకోవడం ఎంత మామూలో అంత మామూలుగా ఏరుతోంది. ఫ్రాన్సులో పరిగె ఏరుకునే హక్కు పాతకాలం నాటిది. ఆన్యెస్ వార్దా 2000లో దానిమీద ఒక డాక్యుమెంటరీ తీసింది. పల్లెలో పరిగెకు హక్కనే పేరుంది, నగరంలో లేదు.

జోలాను ఇంత సమర్థించాను గాని, నవలలో లోపం లేదనను. క్లోద్ చెప్పే 'బలిసినవాళ్ళూ బక్కవాళ్ళూ' సిద్ధాంతం వినడానికి బాగుంటుంది. కాని అది వర్గ విభజన కాదు, ఒళ్ళు చూసి చేసిన విభజన. ఫ్లోరాన్‌ను పట్టించిన సాజే బక్కదే. మదాం ఫ్రాన్స్వాను ఏ జాబితాలో వేయాలో క్లోద్‌కే తెలియదు, మంచి మనిషి అని ఊరుకుంటాడు. ఊరుకోక తప్పదు. ఆమె ఉత్పత్తిదారు. తిన్నవాళ్ళనూ తిననివాళ్ళనూ కొలిచే కొలబద్ద పండించేవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి పనిచేయలేదు. ఫ్లోరాన్ కుట్ర బృందంలో అలెగ్జాండర్ అనే హమాలీ ఒకడున్నాడు గాని కథ మీద అతని బరువు తక్కువ. తిరుగుబాటు మాట్లాడేవాళ్ళందరూ సారా దుకాణం వెనక గదిలో కూర్చుని మాట్లాడతారు, ఆ దుకాణం యజమానే పోలీసు గూఢచారి. పారిస్ కమ్యూన్ నెత్తురు తడి ఆరకముందు, 1873లో, విప్లవకారుణ్ణి ఇంత నిస్సహాయుడిగా చిత్రించడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. వస్తువుల బరువును అంత చక్కగా తూచిన రచయిత ఆ వస్తువులను మోసిన భుజాల బలాన్ని తూచలేదు.

ఆ భుజాలను చూడాలంటే ఇప్పుడు రంజీస్ వెళ్ళాలి. తెల్లవారుజామున నాలుగు గంటలకు అల్లుడు బస్సు దగ్గర దించాడు. టికెట్టు కొన్న సందర్శకులకు తెల్లకోటు, కాగితం టోపీ ఇస్తారు. రెండు వందల ముప్పై హెక్టార్ల పైచిలుకు స్థలం. దానికి టోల్ గేటు. సరుకు కొనేందుకు లైసెన్సు కార్డు. ఒక్కో షెడ్డుకు ఒక్కో చలి. మాంసం షెడ్డులో వేలాడే కళేబరాల వరసల మధ్య మా గైడు చకచకా నడిపించింది. శుభ్రత, వేగం, క్రమం అన్నీ మెచ్చుకోదగ్గవే. నాకు మాత్రం ఒకటే తోచింది: ఫ్లోరాన్ ఈనాడు వస్తే గేటు దగ్గరే ఆగిపోతాడు. లే ఆల్‌లో ఆకలిగొన్నవాడు తిండి మధ్యన నడిచేవాడు, తిన్నవాళ్ళు అతన్ని చూడక తప్పేది కాదు. ఇప్పుడు ఆకలికీ తిండికీ మధ్య టోల్ గేటుంది. జోలా ఆ నవలను రంజీస్‌లో రాయలేడు.

కూరగాయల షెడ్డులో పెట్టెలు దించుతున్న ఒకతను నా మొహం చూసి తమిళమా అని అడిగాడు. మద్రాసులో చదువుకున్న రోజుల తమిళం కొంచెం మిగిలుంది. శ్రీలంక మనిషి. రాత్రి పదకొండుకు వస్తాడు, ఏడింటికి వెళతాడు. "పగలు నిద్ర ఐయా, సాయంత్రం ఒక హోటల్లో గిన్నెలు కడగడం" అన్నాడు. ఇక్కడ కూరలు అగ్గువకు ఇస్తారా అని అడిగాను. నవ్వి, తాను ఊళ్ళో కొనుక్కుంటానన్నాడు. ఇంతలో గైడు పిలిచింది. చీజుల షెడ్డు చూడాలి.

మన భాషలో అంగడిని వేరుగా చూసిన యాత్రికుడు లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీకి వెళ్ళివచ్చాడు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'లో ఊరి తర్వాత ఊరు, అక్కడ ఏ సరుకు దొరుకుతుంది, దుకాణాలున్నాయా, నీళ్ళున్నాయా అని రాసుకుంటూ పోతాడు. విసుగు పుట్టించే జాబితా అని నేను ఒకప్పుడు పేజీలు తిప్పేశాను. అది రుచి చూసేవాడి జాబితా కాదు. రాత్రికి వందమంది దాకా ఉన్న పరివారానికి అన్నం వండించవలసినవాడి జాబితా. ఆయన పల్లకిలో వెళ్ళినవాడే, బోయీల భుజాలమీద. ఆయన్ను ప్రజారచయితను చేయనక్కరలేదు. కాని బియ్యం దొరకని ఊరిని బియ్యం దొరకని ఊరని రాసిపెట్టాడు. దొరకనిదాన్ని రాయడం మన నేటి యాత్రాకథనాల్లో ఎంత అరుదో చూస్తే, రెండు వందల ఏళ్ళలో ముందుకు వచ్చామో వెనక్కి పోయామో తెలియదు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మళ్ళీ లే ఆల్‌కు వెళ్ళాను, ఒక్కణ్ణే. పక్కనే సెంతుస్తాష్ చర్చి ఉంది. నవలలో క్లోద్ ఈ చర్చినీ ఇనుప మంటపాలనూ కలిపి చూపి, ఇనుము రాతిని చంపేస్తుందని జోస్యం చెబుతాడు. నవల వచ్చిన నూరేళ్ళకు ఇనుము తుక్కుగా పోయింది, రాయి నిలిచింది. జోలా అభివృద్ధిని నమ్మాడు గాని, భూమి ధర పెరిగితే అభివృద్ధి తన ఇనుమును తానే తినేస్తుందని ఊహించలేదు.

చర్చి లోపల ఒక పక్క గదిలో రేమండ్ మేసన్ చేసిన పెద్ద రంగుల శిల్పం ఉంది. 1969 ఫిబ్రవరి 28న పండ్లూ కూరగాయలూ పారిస్ గుండెను వదిలి వెళ్ళడం దాని విషయం. డబ్బాలు పట్టుకుని, తట్టలు మోసుకుని, గడ్డకట్టిన ముఖాలతో మార్కెట్టు మనుషులు నడుస్తుంటారు. అందమైన శిల్పం కాదు. ముక్కులు ఎర్రగా, చేతులు మరీ పెద్దవిగా ఉన్నాయి. నా ఫోటోల్లో లేని ముఖాలన్నీ అక్కడున్నాయి. చాలాసేపు నిలబడ్డాను.

బయటికి వచ్చేసరికి చీకటి పడింది, సన్నని వాన. చర్చి పక్కన వరస కట్టి మనుషులు. ఇక్కడ 1984 నుంచి చలికాలం సాయంత్రాల్లో స్వచ్ఛంద సేవకులు వేడి సూప్, భోజనం పెడుతున్నారు. ముసలివాళ్ళు, కుర్రవాళ్ళు, వీపున సంచులున్నవాళ్ళు, బిడ్డనెత్తుకున్న ఒక తల్లి. దాదాపు అందరూ నేలచూపులే. నూరడుగుల దూరంలో మాల్ దీపాలు. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాలని వరస పక్కనే నడిచాను. బల్ల దగ్గరికి వచ్చేసరికి, నన్ను కూడా వరసలోని మనిషే అనుకుని, ఒక పిల్ల నవ్వుతూ సూప్ గ్లాసు చాచింది. ఫ్రెంచిలో వద్దనడానికి మాట తోచలేదు. చెయ్యి అడ్డంగా ఊపాను. ఆమె అర్థం కాక అట్లాగే పట్టుకుంది. నేను పక్కకు తప్పుకుంటే నా వెనకున్నాయన ముందుకు జరిగి ఆ గ్లాసు అందుకున్నాడు.